కొన్న గుడ్డ

19 మార్చి 2006, ఆదివారం. బనగానపల్లె.

పాపకు ఈ రోజుకు నలభై నాలుగు రోజులు. పొద్దున్నుంచి ఏడుసార్లు ముక్కు కింద వేలు పెట్టి చూశాను. ఎనిమిదోసారి అమ్మకు దొరికిపోయాను. "ఊపిరి ఆడ్తాండాది లేవే, బిడ్డను నిద్రపోనియ్యి" అని కసిరి, నన్ను అన్నం ముందు కూచోబెట్టి తను కాపలా కాసింది. తింటూ కూడా అటే చూశాను.

ఆ సేఫ్టీ ర్యాప్ కొనాలా వద్దా అని నెల రోజులుగా ఒకటే ఆలోచన. కడుపుతో ఉండగా కడపలో మా అంగట్లోనే చూశాను. అప్పుడే ఆయన బెంగుళూరు ఏజెంటు దగ్గర తెప్పించారు. మెత్తటి గుడ్డసంచి లాగా ఉంటుంది, రెండు రెక్కలు బిడ్డ ఛాతీ మీదుగా చుట్టి అంటుపట్టీ వేస్తే చాలు. దుప్పటి మొహం మీదికి రాదు, బిడ్డ ఉలిక్కిపడదు, తల్లి నిశ్చింతగా నిద్రపోవచ్చు అని డబ్బా మీద రాసి ఉంది. డబ్బా మీది పాప ఏనాడూ ఎండ ఎరగనట్టు నవ్వుతోంది. ఇక్కడ మార్చిలోనే గోడలు కాలుతున్నాయి.

కొనడానికి మొక్కు అడ్డం. పెద్దోడు పోయాక పుట్టిన బిడ్డ కాబట్టి, ఏడాది నిండేదాకా కొన్న గుడ్డ ఒంటికి తగలకూడదని అత్తమ్మ మొక్కుకుంది. పిల్లలు నిలిచిన ఇళ్ళకు పోయి పాతగుడ్డలు అడుక్కొచ్చి కప్పాలి. పేరూ మంచిది పెట్టకూడదు. పుల్లమ్మ అని పిలవాలి. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు కూడా పక్కకు తప్పుకుంటుందట. నా బంగారు పుల్లమ్మ!

అమ్మకు ఇది నవ్వులాట. "మీ ఆయనదేమో పిల్లల సామాన్ల అంగడి. ఆయప్ప బిడ్డకేమో అడుక్కొచ్చిన గుడ్డలు. అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుని నోట్లో శని ఉండాది" అంటుంది.

నాకు మొక్కు మీదా నమ్మకమే, ర్యాపు మీదా నమ్మకమే. భయపడేవాళ్ళకు నమ్మకాలు ఎక్కువ.

23 మార్చి, గురువారం

మధ్యాహ్నం అంగడి కట్టేసే వేళ ఆయన ఫోన్ చేశారు. ఉగ్గబట్టుకుని అడిగేశాను.

"ఆ ర్యాపు ఒగటి పంపిస్తారా?"

"మనకొద్దులే వాసవీ. మొక్కు ఉండాది కదా. అమ్మ ఒప్పుకోదు."

"బాగా పోతాండాయా అవి?"

"శానా బాగా పోతాండాయి. మళ్ళా ఆర్డరు పెట్టినా."

"అందరి బిడ్డలకూ మంచిదైంది మన బిడ్డకెందుకు కాదు?"

"మొక్కు కదా" అన్నారు మళ్ళీ.

అత్తమ్మ మాట జవదాటలేరు, అంతే. మనిషి మాత్రం బంగారం. పెద్దోడు పోయిన ఈ రెండేళ్ళలో అత్తమ్మ నాకు నిద్రమొహంది అని పేరు పెట్టింది. చుట్టాల ముందు, పనిమనిషి ముందు, చివరికి పాలాయన ముందు కూడా అదే పిలుపు. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి ఊరికే వద్దంటారా?

24 మార్చి

ఒక్క మాట అనలేదు. నాకది చాలు.

30 మార్చి, ఉగాది

పచ్చడిలో వేపపూత ఎక్కువైంది. ఆయన వస్తానన్నారు, రాలేదు. పండగ బేరం బాగా ఉందట.

5 ఏప్రిల్, బుధవారం

గుడ్డల కోసం మల్లక్క ఇంటికి పోయాను. మా వీధి చివర మగ్గాల ఇల్లు వాళ్ళది. ఐదుగురు బిడ్డలు, ఐదుగురూ నిలిచారు. ఆ ఇంటి గుడ్డ కప్పితే ఆయుష్షు అని అమ్మ నమ్మకం. మల్లక్క పెట్టె తీసి మొగుడి పాత పంచెలు నాలుగు ముక్కలు చేసి నా ఒళ్ళో వేసింది. "ఉతికి ఉతికి వెన్న మాదిరి అయినాయి. తీస్కపో వాసవమ్మా. నా బిడ్డల ఆయుస్సు నీ బిడ్డకు" అంది.

వాళ్ళ చిన్నకూతురు పవిత్ర కూడా పురిటికి వచ్చి ఉంది. అత్తారింటి నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చే పిల్ల, మా ఆయన్నిగానీ మా పెద్దోడి సంగతిగానీ ఎరగదు. మగ్గం పక్కన చాప మీద మూడు నెలల పిల్లోడు నిద్రపోతున్నాడు. ఒంటికి పసుపు రంగు సేఫ్టీ ర్యాపు, దాని మీద ఏనుగుబొమ్మలు. నేను అట్లే చూస్తూ ఉండిపోయాను.

"మా ఆడబిడ్డ కడపలో కొనిచ్చిందక్కా. రెండుండాయి. నీకొగటి కావల్నా?" అంది పవిత్ర.

నా బుద్ధి చూడు, అడుక్కొచ్చిందైతే కొన్న గుడ్డ కాదు కదా అని అప్పటికప్పుడే తేల్చేసుకున్నాను. అంగడివాళ్ళ బిడ్డను, దేవుడి దగ్గర కూడా బేరమే.

"మంచిదేనా ఇది?" అన్నాను.

"మంచిదా అంటావా! ఇది చుట్టి పండుకోబెట్టి నేను బోరింగు కాడికి పోయి నాలుగు బిందెలు తెచ్చుకుంటాండా. ఆ అంగడాయన చెప్పింది వింటే నువ్వూ కొంటావు. ఆయప్పకు మొదటి బిడ్డ పోయినాడంట. పెండ్లాము బిడ్డను పక్కలో ఏసుకోని మొద్దునిద్ర పోయిందంట. దుప్పటి మొగానికి అడ్డం పడిందంట. 'ఆ పొద్దు ఇది మా ఇంట్లో ఉండింటే నా కొడుకు నాకు దక్కుతాండె తల్లీ' అని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు. నేనూ మా ఆడబిడ్డా ఆడనే ఏడ్చినాము. ఒగటి కొందామని పోయి రెండు కొన్న్యాము." పిల్లోడి నుదురు తుడుస్తూ అంది: "అదేం తల్లో అక్కా, అంత నిద్ర!"

రెండో ర్యాపు తెస్తానని లోపలికి పోయింది. అది వచ్చేలోగా బయటపడ్డాను. పంచె ముక్కలు మర్చిపోయి మళ్ళీ వెనక్కి పోవాల్సి వచ్చింది.

6 ఏప్రిల్

కడపలో పిల్లల సామాన్ల అంగళ్ళు చాలా ఉన్నాయి.

7 ఏప్రిల్

చాలా అంటే, నాకు తెలిసి మూడు. మిగతా ఇద్దరిలో ఎవరికైనా బిడ్డ పోయి ఉండవచ్చు. ఎవరింట్లో ఏం జరిగిందో మనకేం తెలుసు.

8 ఏప్రిల్

ఆయన ఫోన్ చేశారు. పాప ఎలా ఉందన్నారు. బాగుందన్నాను. అడగలేదు.

10 ఏప్రిల్, సోమవారం

ఇంకో గుడ్డ కావాలని వంక పెట్టుకుని మల్లక్క ఇంటికి పోయాను. ఏ అంగడని మాటల్లో పెట్టి అడిగితే పవిత్ర లేచిపోయి సంచి తెచ్చింది. పాపాయి ఫ్యాన్సీ స్టోర్స్, పెద్ద బజారు, కడప. ఆ సంచి మీద ఉయ్యాల బొమ్మ వేయించమన్నది నేనే.

"నీకు తెల్సిన అంగడేనా అక్కా?"

"తెల్సు. అప్పుడప్పుడు పోతుంటా" అన్నాను. అబద్ధాలు నాకు కొత్త కాదు.

"ఆ తల్లిని గురించి ఇంకేమన్న్యాడు?" అని మళ్ళీ నేనే అడిగాను.

"పాపం, ఏమీ అన్లేదక్కా. 'నేను దాన్ని ఒక్క మాట గూడా అన్లేదమ్మా' అన్న్యాడు. దేవుని మాదిరి మొగుడు."

11 ఏప్రిల్, మంగళవారం

ఇప్పుడు రాస్తాను. రెండేళ్ళ కిందటి డైరీలో కూడా అబద్ధమే రాశాను, ఎవరైనా తీసి చదివితే ఆయనకు మాట వస్తుందని.

2004, శ్రావణ శుక్రవారం. అత్తమామలు మంత్రాలయం పోయారు. పక్క సందులో పేరంటానికి పిలిచారు. తాంబూలం తీసుకుని ఇట్లే వస్తానని పెద్దోణ్ణి ఆయన చేతికిచ్చి పోయాను. వాడికి అప్పుడు నాలుగో నెల. ఆయన వాణ్ణి అంగట్లోనే, తన గద్దె వెనక, కొత్తగా దిగిన బొంతల దొంతర మీద పడుకోబెట్టారు. ఈగలు వాలకుండా మీద గుడ్డ కప్పారు. శ్రావణమాసం, బేరం బేరం మీద వస్తోంది. గంటసేపు వెనక్కి తిరిగి చూడలేదు. పేరంటంలో నాకు ఆలస్యమైంది. వచ్చి చూసింది నేనే. బోర్లా తిరిగి ఉన్నాడు, మొహం మెత్తటి బొంతలో.

ఆయన షట్టరు సగం దించి నా కాళ్ళు పట్టుకున్నారు. "అంగట్లో అని చెప్పద్దు వాసవీ. నాయన నన్ను బతకనియ్యడు. నీ పక్కలో ఉన్న్యాడని చెప్పు. తల్లిని ఎవురూ ఏమనరు" అన్నారు.

చెప్పాను. ఇంట్లో మంచం మీద నా పక్కలో ఉన్నాడని, పేరంటం నుంచి వచ్చి అలసి నిద్రపోయానని చెప్పాను. అత్తమామలకు, డాక్టరుకు, మా అమ్మానాన్నలకు, అందరికీ అదే చెప్పాను. తల్లిని అందరూ అన్నారు.

ఆయన ఒక్క మాట అనలేదట. ఏ నోటితో అంటారు? రెండేళ్ళుగా దాన్ని ప్రేమ అనుకుని బతికిన వెర్రిదాన్ని నేను. ఆయన్ని కాపాడదామని ఒక్క అబద్ధం చెప్పాను. దాన్ని దాచుకోమని ఇస్తే, తీసుకెళ్ళి గద్దె మీద పెట్టి అమ్ముకుంటున్నారు. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. నా కొడుకు చావు ఎంతమంది విన్నారో. ఎంతమంది "అదేం తల్లో" అన్నారో.

14 ఏప్రిల్, శుక్రవారం

నేనే ఫోన్ చేశాను.

"అంగట్లో పెద్దోని కథ చెప్తాండారంట."

"ఎవురు చెప్పినారు?" అన్నారు. లేదు అని అనలేదు.

"చెప్తాండారా లేదా?"

"అంగడి మాటలు వాసవీ. నాలుగు మాటలు చెప్పకుంటే ఎవురు కొంటారు? నీ పేరు చెప్పలేదు. నేను కొత్తగా కల్పించిందేముండాది? నువ్వు చెప్పిందే నేనూ చెప్పినా."

"నేను మీకోసం చెప్పినా."

"నేనూ మనకోసమే చెప్తాండా. ఆ బిడ్డలన్నా సల్లగుంటారు కదా."

"అంత మంచిదైతే మన బిడ్డకెందుకు వద్దన్న్యారు?"

గొంతు తగ్గించి చెప్పారు. "మన ఎండలకు ఆ గుడ్డ తట్టుకోలేరు బిడ్డలు. ఒళ్ళంతా చెమటకాయలని ఇద్దరు ముగ్గురు వాపసు తెచ్చినారు. ఒగాయమ్మ పట్టీ ఊడి గుడ్డ మొగం మీదికి జరిగిందనె. మనకెందుకులే అది."

"అయితే మొక్కు కాదా?"

"మొక్కు గూడా."

ఫోన్ పెట్టేశాను.

20 ఏప్రిల్, గురువారం

పాపకు సూదిమందు వేయించడానికి లేడీ డాక్టరు దగ్గరకు పోయాం. అమ్మ బయట చీటీ రాయించుకుంటుంటే ర్యాపు సంగతి అడిగాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"బిడ్డ చావును ఆపే గుడ్డ అంటూ ఏదీ లేదమ్మా. ఎవరు చెప్పినా నమ్మద్దు. వదులైతే మొహం మీదికి వస్తుంది, కాళ్ళు బిగిస్తే తొడ కీళ్ళకు చేటు, ఈ ఎండలో ఒళ్ళు ఉడికిపోతుంది. బోర్లపడ్డం మొదలుపెట్టిన బిడ్డకైతే అసలే చుట్టకూడదు, తిరిగిందంటే చేతులు ఆనించి తల ఎత్తుకోలేదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టు. పక్కన దిండూ బొంతా వద్దు. మొహం మీద ఏ గుడ్డా వద్దు, ఈగల కోసం కూడా వద్దు."

"తల్లి నిద్రపోతే?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"తల్లులు నిద్రపోరా ఏంది? నీకు ఎన్ని రోజులైంది నిద్రపోయి?" అంది. అక్కడే ఏడ్చేశాను.

సరే, కొనాలా వద్దా అన్నది తేలింది. కొనక్కర్లేదు. ఆ సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు. తెలిసే అమ్ముతున్నారు.

పవిత్రకు చెప్పాలి. చెప్తే, నీకెట్ల తెల్సు అక్కా అంటుంది. అంగడి పేరు బయటికొస్తుంది. రేపు చెప్తాను.

22 ఏప్రిల్

చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

27 ఏప్రిల్

మల్లక్క గడప దాకా పోయి, మజ్జిగ తాగి వచ్చాను. పిల్లోడు ర్యాపులోనే ఉన్నాడు. మెడంతా చెమటకాయలు. "వాడికి ఉడుకుగా ఉందేమో పవిత్రా" అన్నాను. అంతే అన్నాను. ఇంకా ఆయన్నే కాపాడుతున్నాను!

3 మే, బుధవారం

పొద్దున బస్సుకు ఆయనా అత్తమ్మా వచ్చారు, పాపను మూడో నెల నిండగానే తీసుకుపోవడానికి దినం చూసుకుందామని. నాన్న మామిడిపళ్ళు కోయించారు. అత్తమ్మ పాప మీద గుడ్డ పట్టుకుని చూసి, అడుక్కొచ్చిందే అని తెలుసుకుని సంతోషించింది. "ఈసారన్నా మెలకువగా ఉండు" అంది నాతో. ఆయన పండు తింటూ కిందికి చూశారు.

అప్పుడు మల్లక్క వచ్చింది. కొంగు కింద గిన్నె, మొహమంతా నవ్వు. "తీస్కోండమ్మా, ఓళిగలు. మా మనమడు నిన్న బోర్లపడినాడు!" బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు పంచడం అందరిళ్ళలో ఉన్నదే. గిన్నె అందుకోకుండానే అడిగాను.

"ఇంగా ఆ ర్యాపు చుట్టుతాండారా మల్లక్కా?"

"చుట్టకుండా? అది చుట్టి, పండుకోబెట్టే వచ్చినా."

"పవిత్ర యాడుండాది?"

"బోరింగు కాడికి పోయింది."

పాపను అమ్మ ఒళ్ళో వేసి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. వెనక ఆయన "వాసవీ, వాసవీ" అంటున్నారు. వీధిలో మనుషులు చూస్తున్నారు. ఆ వీధి అంత పొడుగని నాకు ఎప్పుడూ తెలియదు.

పిల్లోడు చాప మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. పట్టీ ఊడి ఒక రెక్క ముక్కు దాకా వచ్చింది. చేతులు లోపలే ఉండిపోయాయి. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. గుడ్డ లాగి పారేశాను. రెండు క్షణాలు ఏమీ లేదు, తర్వాత కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వింటూ పక్కనే నేల మీద కూచున్నాను.

పవిత్ర బిందె కింద పెట్టి పరుగున వచ్చింది. మల్లక్క కూడా వచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడ్డారు, రొప్పుతూ. పవిత్ర ఆయన్ని చూసి గుర్తుపట్టింది. "అంగడాయన కదా..." అంది.

"మా ఆయన" అన్నాను. "ఆ కథలో నిద్రపోయిన తల్లిని నేనే పవిత్రా. నేను నిద్రపోలేదు. నేను ఇంట్లోనే లేను. బిడ్డ ఈయప్ప దగ్గర ఉన్న్యాడు, అంగట్లో, బొంతల మీద. ఈ గుడ్డ మంచిది కాదని ఈయప్పకు తెల్సు. రెండు వారాలకు పైగా నాకూ తెల్సు, చెప్పలేదు. నన్ను తిట్టు."

అది తిట్టలేదు. పిల్లోణ్ణి గుండెకు హత్తుకుని గోడ వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి అత్తమ్మ ముందు, అమ్మానాన్నల ముందు మళ్ళీ చెప్పాను, మొదటినుంచీ. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి నిలబడ్డారు. అత్తమ్మ మాత్రం కదల్లేదు. పళ్ళెంలో టెంకలు ఒక పక్కకు సర్దింది.

"నాకు తెల్సు" అంది.

ఇక రాయలేను.

4 మే

నిన్న ఆపిన చోటు నుంచి.

"వాడు ఆ వారమే చెప్పినాడు నాకు" అంది అత్తమ్మ. "అంగట్లో పసిబిడ్డ పోయినాడంటే, ఆ అంగట్లో పసిబిడ్డల గుడ్డలు ఎవురు కొంటారు? నువ్వు తెలివైన పని చేసినావనే అనుకున్న్యా."

"మరి రెండేండ్లు నన్ను నిద్రమొహంది అని..."

"నలుగురు నమ్మాల కదమ్మా" అంది. గొంతులో కోపం లేదు. ఓర్పుగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

నాన్న వీధిలోకి పోయి ఆటో పిలుచుకొచ్చారు. అత్తమ్మ ఎక్కి కూచుంది. ఆయన మాత్రం వసారాలో నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంగట్లో పవిత్ర ముందు పెట్టుకున్న కన్నీళ్ళూ ఇలాంటివేనా అని చూశాను. తేడా తెలియలేదు.

"నువ్వెప్పుడు వస్తావు?" అన్నారు.

"ఆ ర్యాపులు కొన్నోళ్ళందరినీ పిలిచి వాపసు తీసుకోండి. నా కొడుకు నా పక్కలో పోలేదని, అంగట్లో మీ వెనక పోయినాడని, కొన్నోళ్ళ ముందర నిలబడి ఒక్కసారి చెప్పండి. ఆ పొద్దే వస్తా."

చాలాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. నాకు కూడా ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"అట్ల చెప్తే అంగడి యాడుంటాది వాసవీ?" అన్నారు.

ఆటోవాడు తొందరపెట్టాడు. పోయి ఎక్కారు.